వానను, జ్వరాన్ని ఒకే పుస్తకంలో రాసుకోవడం: మన ఊళ్లలో పనిచేసే వైద్యులకు ఒక పద్ధతి

నెల్లూరు సీమలో వాన లెక్క వేరు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని ఇక్కడికి తేలికగా వస్తుంది. ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, అంటే చిత్త మొదలుకొని అనూరాధ కార్తె దాటేదాకా, బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాల వెంట పడుతుంది. దేశమంతటా జూన్ నెలను మలేరియా వ్యతిరేక మాసంగా, జూలై నెలను డెంగీ వ్యతిరేక మాసంగా పాటిస్తారు. తొలకరి జూన్‌లోనే గట్టిగా పడే ప్రాంతాలకు అది సరైన ముందస్తు ఏర్పాటే. మనకు అసలు వాన రావడానికి అప్పటికి ఇంకా మూడు నెలలు ఉంటుంది. ఎక్కడో వేసిన క్యాలెండర్ మన ఊరి జ్వరాల రాకపోకలను చెప్పలేదు కాబట్టి మన ఊరి లెక్క మనమే రాసుకోవాలి.

ఈ పని ఎలా చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఇది ముఖ్యంగా నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు, కనిగిరి వంటి ఊళ్లలో చిన్న క్లినిక్‌లు నడిపే వైద్యులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఉద్దేశించినది. ఖర్చు ఐదారు వందలు దాటదు. కావలసిందల్లా ప్రతి రోజూ ఉదయం పది నిమిషాలు, ప్రతి సోమవారం సాయంత్రం ఒక గంట, ఆ రెండింటినీ ఏళ్ల తరబడి వదలకుండా చేసే ఓర్పు.

పాతవాళ్లు ఎలా చేశారు

ఇది కొత్త ఆలోచన కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుతో నిలిచిన గ్రంథాల్లోనే, థాసోస్ ద్వీపంలో ఫలానా ఏడాది ఏ గాలి వీచింది, ఎంత వాన పడింది, ఆ తరువాత ఏ జ్వరాలు వచ్చాయి అని వరుసగా రాసిన భాగాలున్నాయి. లండన్‌లో థామస్ సిడెన్‌హామ్ అనే వైద్యుడు 1661 నుంచి 1675 వరకు నగరంలో వచ్చిన జ్వరాలను ఏడాది వారీగా గమనించి, 1676లో ప్రచురించాడు. వాతావరణం ఒకేలా ఉన్న రెండు సంవత్సరాల్లో వ్యాధులు మాత్రం వేరుగా వచ్చాయని, దానికి కారణం తనకు కనబడలేదని ఆయన దాచకుండా రాశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ ఒక్క మాట వల్లనే. తన నమ్మకానికి లొంగని సంగతిని కూడా పుస్తకంలో ఉంచగలిగినవాడే నిజమైన పరిశీలకుడు.

ఒక మనిషి చేసే పని సంఘం చేతికి వచ్చింది పద్దెనిమిదో శతాబ్దంలో. 1723లో లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి, స్వయంగా వైద్యుడు అయిన జేమ్స్ జూరిన్, రోజూ వాతావరణం నమోదు చేసి పంపమని వివిధ దేశాల వారికి పిలుపునిచ్చాడు. ప్లిమత్ రేవులో జాన్ హక్సమ్ 1728 నుంచి గాలినీ, వానలనూ, ఊళ్లో నడుస్తున్న వ్యాధులనూ నెల నెలా రాసుకుంటూ వచ్చాడు. ఎడింబరోలో వైద్యుల సంఘం ఒకటి 1733 నుంచి వెలువరించిన సంపుటాల్లో నగరపు వాతావరణ పట్టికలు, ఆ కాలంలో అక్కడ నడిచిన వ్యాధుల వృత్తాంతం కలిపి అచ్చయ్యాయి. అమెరికాలోని చార్ల్‌స్టన్ వేడి, తేమ, దోమ, వరి మడులు కలిసిన రేవు పట్నం. మన తీరానికి దూరపు బంధువులాంటి ఊరు. అక్కడ జాన్ లైనింగ్ 1740లో ఏడాది పొడవునా తను తిన్నదీ, తాగినదీ, విసర్జించినదీ తూకం వేస్తూ, దాని పక్కనే ఆ రోజు వాతావరణాన్ని కూడా రాసుకున్నాడు. అదే ఊళ్లో 1789లో వైద్యుల సంఘం ఏర్పడింది. ఆ రాష్ట్రపు నేల, వాతావరణం, వ్యాధుల గురించి డేవిడ్ రామ్సే రాసిన వ్యాసాన్ని 1796లో ఆ సంఘం ముందే చదివాడు.

అందరిలోకి పెద్ద ప్రయత్నం ఫ్రాన్సులో జరిగింది. 1776లో మొదలైన రాజ వైద్య సంఘం విక్ దజీర్ నాయకత్వంలో, లూయీ కోట్ అనే మతాచార్యుడి సాయంతో, వందకు పైగా వైద్యులకు ఒకే రకం అచ్చు ఫారాలు పంపింది. రోజుకు మూడుసార్లు ఉష్ణమాపకం, భారమాపకం చూసి రాయాలి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో రాయాలి. నెలాఖరుకు ఊళ్లో నడుస్తున్న జబ్బులేమిటో రాయాలి. విప్లవ కాలంలో, 1793లో, ఆ సంఘం రద్దయింది. కాగితాలు మాత్రం మిగిలాయి. దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత చరిత్రకారులు వాటిని విప్పి, ఆ కాలపు ఎండలు, చలి, వానలను తిరిగి లెక్కగట్టారు.

మన వైపు చూస్తే, మద్రాసులో నక్షత్రశాల 1792లో ఏర్పడింది, వాతావరణ నమోదు అక్కడే వేళ్లూనింది. కలకత్తాలో వైద్య, భౌతిక శాస్త్రాల సంఘం 1823లో పుట్టింది. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో చెలరేగిన కలరా దక్షిణానికి పాకినప్పుడు, మద్రాసు వైద్య మండలి కార్యదర్శి విలియం స్కాట్ మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలో దాని నడకపై 1824లో నివేదిక తెచ్చాడు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది.

వీళ్లలో చాలామందికి జ్వరాల కారణం గురించి ఉన్న నమ్మకం తప్పు. కుళ్లిన నేల నుంచి లేచే చెడుగాలే జ్వరాన్ని తెస్తుందని అనుకున్నారు. 1793లో ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ వచ్చి, యాభై వేల జనాభాలో సుమారు ఐదు వేల మంది చనిపోయినప్పుడు, రేవులో పారబోసిన కుళ్లిన కాఫీ గింజల వాసనే మూలమని అక్కడి వైద్యుడు బెంజమిన్ రష్ వాదించాడు. అదే రష్ తన వృత్తాంతంలో, ఆ ఏడు దోమలు మామూలు కంటే చాలా ఎక్కువగా ఉన్నాయని కూడా రాసిపెట్టాడు. ఆ వాక్యం విలువ ఆయనకు తెలియదు. 1881లో హవానాలో కార్లోస్ ఫిన్లే దోమను అనుమానించి, 1900లో వాల్టర్ రీడ్ బృందం దాన్ని రుజువు చేసిన తరువాత ఆ వాక్యానికి అర్థం వచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయానికి వేరు ఇక్కడే ఉంది: చూసింది ఒక గడిలో, అనుకున్నది ఇంకో గడిలో రాయాలి. అనుకున్నది రేపు కొట్టివేతకు గురైనా చూసింది నిలుస్తుంది.

ఎంతమంది, ఎవరెవరు

ఐదుగురు చాలు. పది మంది దాటితే సోమవారం కలవడం కష్టమవుతుంది. ఐదుగురూ ఒకే వీధిలో ఉండకూడదు. నెల్లూరులో అయితే పొగతోటలోనే ఆసుపత్రులన్నీ వరుసగా ఉన్నాయని అక్కడి వాళ్లనే తీసుకుంటే, జిల్లా నలుమూలల నుంచి వచ్చిన రోగులు కనబడతారు గానీ ఊళ్లో ఏ మూల జ్వరం మొదలైందో కనబడదు. వేదాయపాళెం వైపు ఒకరు, మూలాపేట వైపు ఒకరు, పెన్న ఒడ్డున వెంకటేశ్వరపురం వైపు ఒకరు, ఇలా పంచుకోవాలి. జ్వరం వచ్చిన మొదటి రోజు పేదవాడు వెళ్లేది ఎక్కువగా ఆర్‌ఎంపీ దగ్గరికే కాబట్టి ఒక ఆర్‌ఎంపీ ఉండి తీరాలి. ఆ సంగతి మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జ్వరం మాత్రం ముందు అక్కడే కనబడుతుంది. ఒక ల్యాబ్ టెక్నీషియన్, వార్డు సచివాలయంలో పనిచేసే ఒక ఏఎన్‌ఎం కలిస్తే సంఘం పూర్తయినట్టే.

వానను కొలవడం

సంఘానికి ఒకే వాన కొలత చాలు, కానీ అది నమ్మదగినదిగా ఉండాలి. దుకాణంలో దొరికే వర్షమాపకం కొనవచ్చు. లేదంటే నోటి వ్యాసం సరిగ్గా 10 సెంటీమీటర్లున్న ప్లాస్టిక్ గరాటు, రెండు లీటర్ల సీసా, ల్యాబ్‌లో వాడే 100 మిల్లీలీటర్ల కొలపాత్ర ఉంటే సరిపోతుంది. ఆ గరాటు నోటి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. అందువల్ల ఒక మిల్లీమీటరు వాన పడితే సీసాలో 7.85 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. సీసాలో నీళ్లను కొలిచి, వచ్చిన అంకెను 7.85తో భాగిస్తే మిల్లీమీటర్లలో వాన వస్తుంది. ఉదాహరణకు 157 మిల్లీలీటర్లు ఉంటే 20 మిల్లీమీటర్ల వాన పడినట్టు.

సీసా రెండు లీటర్లదే కావాలని ఎందుకంటున్నానంటే, అది నిండడానికి సుమారు 255 మిల్లీమీటర్ల వాన పడాలి. 20 సెంటీమీటర్ల వెడల్పు గరాటు కింద లీటరు సీసా పెట్టినవాళ్లకు 32 మిల్లీమీటర్లకే పొర్లిపోతుంది. మన జిల్లాలో వాయుగుండం పట్టిన రోజు అది రెండు గంటల వాన. పొర్లిన సీసాలో ఉన్న అంకెను రాయడం అబద్ధం రాయడంతో సమానం. అలా జరిగితే 'పొర్లింది, ఇంతకంటే ఎక్కువ' అని రాయాలి.

గరాటు అంచు నేల నుంచి ఒక అడుగు ఎత్తులో, సమంగా ఉండాలి. చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. ఇరుకు ఊళ్లలో అంత ఖాళీ దొరకకపోతే మేడ మీద పిట్టగోడకు దూరంగా పెట్టవచ్చు, కాకపోతే ఆ సంగతి పుస్తకం మొదటి పేజీలో రాయాలి, మళ్లీ చోటు మార్చకూడదు. ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. వాతావరణ శాఖ కొలిచేదీ అదే వేళకు. అందువల్ల మన అంకెను వాళ్ల అంకెతో పోల్చుకోవచ్చు. ఆ వేళకు ముగిసిన ఇరవై నాలుగు గంటల వానను చూసిన రోజు తేదీకే రాయాలి.

చిత్త కార్తెలో ఒక ఉదయం ఎలా ఉంటుందో చెబుతాను. రాత్రంతా జల్లు పడి ఆగింది, మేడ తడిగా ఉంది, గరాటు మెడలో వేపాకు ఒకటి అడ్డుపడి, దాని మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందు ఆ ఆకును తీసి, నిలిచిన నీళ్లను సీసాలోకి దిగనివ్వాలి, అప్పుడే కొలవాలి. కొలపాత్రను కంటి ఎత్తుకు లేపి, నీటి మట్టంలో అంచులు కాక నడుమ పల్లం ఏ గీతను తాకుతోందో చూడాలి. రాసిన తరువాతే నీళ్లు పారబోయాలి, ముందు కాదు. వాన పడని రోజు కూడా మేడ ఎక్కి, సీసా చూసి, సున్నా రాయాలి. ఖాళీ సీసాను తీసి చూసిన తరువాత రాసిన సున్నాకు, చూడకుండా రాసిన సున్నాకు తేడా మనిషికే తెలుసు, పుస్తకానికి తెలియదు. అందుకే ఈ పనిని సంఘంలో నమ్మకమైన వ్యక్తికి అప్పగించాలి.

ఉష్ణోగ్రతకు గరిష్ఠం, కనిష్ఠం గుర్తుంచుకునే మామూలు డిజిటల్ ఉష్ణమాపకం సరిపోతుంది. ఎండ తగలని ఉత్తరపు వసారాలో, నాలుగడుగుల ఎత్తున, ఏసీ గాలికి దూరంగా తగిలించాలి. తేమ కొలత ఉంటే మంచిదే, లేకపోయినా దిగులు లేదు.

తేమ కంటే ముఖ్యమైన గడి మరొకటి ఉంది. ఆ వారం కుళాయి నీళ్లు ఎన్ని రోజులు వచ్చాయి? కనిగిరి, మార్కాపురం వైపు వాన కురవని ఏడు ట్యాంకర్ నీళ్లను డ్రముల్లో, తొట్లలో పట్టి వారం రోజులు దాచుకుంటారు. డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీటిలోనే. వాన గడి ఒక్కటే చూసేవాడు, ఎండాకాలంలో డెంగీ ఎలా వచ్చిందో తెలియక తికమకపడతాడు. నీళ్ల గడి చూసేవాడికి తెలుస్తుంది. అలాగే కాలువ పొంగిన రోజు, పైపు పగిలిన రోజు, సోమశిల నుంచి పెన్నకు నీళ్లు వదిలిన రోజు ఒక్కొక్క మాటలో రాసుకోవాలి. కార్తె పేరు కూడా తేదీ పక్కన రాయమని నా సలహా. రోగులూ రైతులూ కాలాన్ని గుర్తుపెట్టుకునేది కార్తెలతోనే, పండుగలతోనే.

జ్వరాన్ని రాయడం

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది ఇక్కడే. పాత వైద్య సంఘాల పుస్తకాల్లో నాకు నిరాశ కలిగించే భాగం జబ్బుల పేర్లు. 'కుళ్లు జ్వరం', 'పిత్త జ్వరం', 'నరాల జ్వరం' అని రాశారు. ఆ రోజు పడిన వాన ఎంతో ఇప్పటికీ తెలుస్తుంది, ఆ రోజు వచ్చిన జ్వరం ఏమిటో మాత్రం చాలాచోట్ల తేల్చలేం. మనం అదే తప్పు వేరే పేర్లతో చేస్తున్నాం. ఒక్కసారి చేసిన వైడాల్ పరీక్షలో కొంచెం గీత కనబడగానే 'టైఫాయిడ్' అని రాసేస్తాం. ప్లేట్‌లెట్స్ తగ్గగానే 'డెంగీ' అని రాసేస్తాం. ఒక్క వైడాల్‌తో టైఫాయిడ్ ఖాయం కాదు, ప్లేట్‌లెట్స్ చాలా జ్వరాల్లో తగ్గుతాయి. కాబట్టి పుస్తకంలో జబ్బు పేరు రాయవద్దు. లక్షణాలు రాయాలి, చేసిన పరీక్ష ఏదో, దాని ఫలితం ఏమిటో రాయాలి.

నేను వాడే గడులు ఇవి: జ్వరం మొదలైన తేదీ, మనకు కనబడిన తేదీ, వయసు, ఆడా మగా, ఉండే వీధి, చలి వణుకు, దద్దుర్లు, కీళ్ల నొప్పులు, కళ్లు పచ్చబడటం, విరేచనాలు, దగ్గు, నల్ల చెక్కు, పరీక్ష, ఫలితం. ఉంటే టిక్కు, లేకపోతే అడ్డగీత, చూడకపోతే ఖాళీ. నల్ల చెక్కు అంటే స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు కనబడే మచ్చ. చంకలో, గజ్జల్లో, నడుము మడతలో దాగి ఉంటుంది, రోగికి నొప్పి కూడా ఉండదు. చీర, లుంగీ తొలగించి చూడకపోతే కనబడదు. వానలు వెనకబడి చలి మొదలైన వారాల్లో దక్షిణాదిలో ఈ జ్వరం ఎక్కువ కాబట్టి, కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా ఈ గడిని ఖాళీగా వదలవద్దు.

మొదలైన తేదీ రాబట్టడం ఒక విద్య. పెన్న గట్టు పక్క కాలనీ నుంచి ఒకసారి ఒక ముసలమ్మ వచ్చింది.

"ఎన్నాళ్లయిందవ్వా జ్వరం?" అని అడిగాను.

"నిన్నటి నుంచే నాయనా."

"కార్తీక సోమవారం దీపాలు పెట్టినావు గదా, ఆ రోజు బాగానే ఉన్నావా?"

"యాడ బాగున్నాను? గుళ్లో కూర్చుంటేనే చలేసింది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నా."

ఆమె వచ్చింది శనివారం. నిన్నటిది జ్వరం కాదు, నిన్న మంచం మీద నుంచి లేవలేకపోయింది, అంతే. పుస్తకంలో శుక్రవారం బదులు సోమవారం పడింది. నాలుగు రోజుల తేడా చిన్నదిగా కనబడవచ్చు, కానీ వానకూ జ్వరానికీ మధ్య ఎడం లెక్కపెట్టేటప్పుడు ఆ నాలుగు రోజులే కథను మారుస్తాయి. డెంగీకి ఎన్‌ఎస్1 పరీక్ష చేయాలా, ఐజీఎం చేయాలా అన్నది కూడా వాటి మీదే ఆధారపడుతుంది. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తరువాత ఐజీఎం పనికొస్తాయి. పండుగలు, సంత రోజులు, అమావాస్య, పెన్షన్ ఇచ్చిన రోజు, ఇవన్నీ గుర్తులుగా వాడుకోవాలి.

వీధి గడిలో రోగి ఉండే చోటు రాయాలి, క్లినిక్ ఉన్న చోటు కాదు. 1854లో లండన్‌లో వైద్యుడు జాన్ స్నో కలరాకు మూలమైన బ్రాడ్ స్ట్రీట్ పంపును పట్టుకోగలిగింది, చనిపోయిన వాళ్లు ఎక్కడ ఉండేవాళ్లో, ఏ నీళ్లు తాగేవాళ్లో ఇంటింటికీ వెళ్లి అడిగినందువల్లనే. పని కోసం వేరే ఊరికి వెళ్లి వచ్చినవాళ్లైతే ఆ ఊరి పేరు కూడా చేర్చాలి. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కూలీల విషయంలో ఇది మరీ ముఖ్యం. పేరు, ఫోను నంబరు మాత్రం ఈ పుస్తకంలోకి రాకూడదు. వాటికి మీ ఓపీ రిజిస్టర్ ఉంది.

ప్రతి వారం మొత్తం రోగుల సంఖ్య కూడా రాయాలి. ఈ వారం ముప్పై జ్వరాలు అంటే అర్థం లేదు. నూట ఇరవై మందిలో ముప్పై అంటే అర్థముంది.

ఖాళీ వేరు, సున్నా వేరు

ఈ పాఠం నేను నా తప్పుతోనే నేర్చుకున్నాను. 2015 నవంబరులో మన జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు మేము నలుగురం కలిసి ఇలాంటి పుస్తకమే మొదలుపెట్టి ఉన్నాం. వీధుల్లో నీళ్లు నిలిచి ఇద్దరం ఐదు రోజులు క్లినిక్ తెరవలేదు. వారాంతంలో లెక్కలు కలిపినప్పుడు, ఆ ఐదు రోజులకూ నేనే నా చేత్తో సున్నాలు వేశాను, ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఎవ్వరినీ చూడలేదు గదా అనుకున్నాను. మూడు నెలల తరువాత గ్రాఫు గీసి చూస్తే, వరద వచ్చిన వారం జ్వరాలు పూర్తిగా మాయమై, నీళ్లు తీసిన సోమవారం నాడు ఒక్కసారిగా ఆకాశానికి లేచినట్టు కనబడింది. వరద జ్వరాన్ని తగ్గించినట్టూ, ఎండ తెచ్చినట్టూ అనిపించేలా ఆ గీత ఉంది. ఆ వారంలో జ్వరం వచ్చినవాళ్లు ఇళ్లలో ఉన్నారు, మేడల మీద ఉన్నారు, మాకు కనబడలేదు, అంతే. ఆ ఏటి లెక్కలో ఆ వారం ఇప్పటికీ పనికిరాదు. చూసి, లేదని తేలితే సున్నా. చూడకపోతే 'మూసి ఉంది' అని రాసి గడి ఖాళీగా వదలాలి. ఆదివారాలకూ, సంక్రాంతి సెలవులకూ ఇదే నియమం.

రెండు గీతలను కలిపి చదవడం

వారాన్ని సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్కపెట్టాలి. ప్రభుత్వం 2004లో మొదలుపెట్టిన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలోనూ వారం అలాగే నడుస్తుంది. గ్రాఫు కాగితం మీద పైన వాన కడ్డీలు, కింద జ్వరాల గీత, రెండూ ఒకే తేదీల మీద నిలిచేలా గీయాలి. కంప్యూటర్ అవసరం లేదు; చేత్తో గీసినప్పుడు ప్రతి చుక్కా మనసులో పడుతుంది.

వాన పడిన వారంలోనే జ్వరాన్ని వెతకవద్దు. డెంగీని ఉదాహరణగా తీసుకుందాం. వాన నిండిన టైరులో, కొబ్బరి చిప్పలో గుడ్డు పగిలి దోమగా లేవడానికి మన వేడిలో సుమారు ఎనిమిది నుంచి పది రోజులు. ఆ దోమ రోగిని కుట్టిన తరువాత వైరస్ దాని లోపల పెరిగి, మరొకరికి ఎక్కించే స్థితికి రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. కుట్టించుకున్న మనిషికి జ్వరం రావడానికి నాలుగు నుంచి పది రోజులు. ఆ మనిషి మన దగ్గరికి రావడానికి ఇంకో రెండు మూడు రోజులు. అన్నీ కలిపితే తక్కువలో తక్కువ మూడు వారాలు, మామూలుగా నాలుగు నుంచి ఐదు వారాలు. అంటే స్వాతి కార్తెలో పడిన వానకు జవాబు మార్గశిరంలో వస్తుంది. కుండపోత వాన ముందు లార్వాను కడిగేస్తుంది కాబట్టి, పెద్ద వాన తరువాత వారం రెండు వారాలు దోమ తగ్గినట్టు కనబడినా నిశ్చింతగా ఉండకూడదు. విరేచనాల సంగతి వేరు. వరద నీళ్లు తాగునీటి పైపులో కలిస్తే కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపల బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు, మడిలోనో మురుగులోనో కాళ్లు నానినవాళ్లకు వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ఎక్కువగా ఐదు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈ ఎడాలను పెన్సిల్‌తో గ్రాఫు అంచున రాసి పెట్టుకోవాలి.

గీతలు రెండూ కలిసి లేచినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణం అనుకోరాదు. ఇంగ్లండ్‌లో విలియం ఫార్ అంతటి లెక్కల మేధావి, 1849 నాటి కలరా మరణాలను పరిశీలించి, థేమ్స్ నదికి ఎంత పల్లంలో ఉంటే అంత ఎక్కువ మంది చనిపోయారని అంకెలతో చూపించి, పల్లపు గాలే కారణమన్నాడు. అంకెలు నిజమే. పల్లంలో ఉన్నవాళ్లు తాగేది మురుగు కలిసిన నీళ్లు కావడం అసలు కారణం. 1866 నాటికి ఆయనే నీటి పక్షానికి మారాడు. మన పెన్న గట్టు కాలనీలను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: ఆ వీధుల్లో జ్వరం ఎక్కువ కనబడితే, పల్లమా, పైపా, దోమా, వైద్యుడి దగ్గరికి ఆలస్యంగా రావడమా అని నాలుగూ అడగాలి.

జనం గుమికూడే రోజులకు ఒక గడి ఉండాలి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు ఒడ్డున జరిగే రొట్టెల పండుగ దీనికి మంచి ఉదాహరణ. అది మొహర్రం నెలలో వస్తుంది; ఆ నెల ఏటేటా సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. అంటే లక్షల మంది జనం, వాళ్లు వాడే నీళ్లు, ఒక దశాబ్దంలో ఎండతో, మరో దశాబ్దంలో వానతో కలుస్తాయి. సంక్రాంతి ఎప్పుడూ చలితోనే వస్తుంది కాబట్టి చలి పనిని, పండుగ పనిని విడదీయలేం. రొట్టెల పండుగ కాలం మారుతూ ఉంటుంది కాబట్టి విడదీయగలం. ఇరవై ఏళ్లు రాసినవాళ్లకు మాత్రమే దక్కే జ్ఞానం ఇది, మన ఊరికే దక్కే జ్ఞానం కూడా. ఉచిత రక్తపరీక్షల శిబిరం పెట్టిన వారం కూడా గుర్తించాలి. పరీక్షలు పెరిగితే పాజిటివ్‌లు పెరుగుతాయి.

మొదటి మూడేళ్లు సగటులు తీయవద్దు. ఈ వారాన్ని గత నాలుగు వారాలతో పోల్చితే చాలు. మూడేళ్లు నిండాక, గత ఏళ్లలో ఇదే వారంతో పోల్చాలి. అంతవరకు మా సంఘం పాటించే నియమం ఒకటే: ఒకే వీధి నుంచి ఒకే వారంలో ఒకే రకం లక్షణాలతో ముగ్గురు వస్తే, సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే ఆ ప్రాంతపు ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేయాలి. విరేచనాలతో నీరసించి ఇద్దరు వచ్చినా చాలు. పుస్తకంలో రాయడం తరువాత, చెప్పడం ముందు. వాట్సాప్ గ్రూపుల్లో వీధి పేరు పెట్టి ప్రచారం చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ వీధి పిల్లలను బడిలో దూరంగా కూర్చోబెట్టిన రోజు నుంచి అక్కడివాళ్లు జ్వరాన్ని దాస్తారు, మన పుస్తకం గుడ్డిదవుతుంది.

సోమవారం కలిసినప్పుడు ముందు అంకెలు చదవాలి, అందరూ విన్న తరువాతే అభిప్రాయాలు చెప్పాలి. అభిప్రాయాలను పుస్తకం కుడి పేజీలో, చెప్పినవారి పొడి అక్షరాలతో, తేదీతో రాయాలి. ఎడమ పేజీలో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. తప్పు పడితే చెరపకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. నెలకొకసారి ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి, ఇద్దరి దగ్గర దాచాలి. పుస్తకాన్ని మాత్రం మేడ మీద గదిలో, చెక్క బీరువా పై అరలో ఉంచాలి. వరద కింది అరల్లోని కాగితాలను ముందు తీసుకుపోతుంది.

మొదటి పేజీ ఇంకా మిగిలింది. అందులో గరాటు వ్యాసం, దాన్ని పెట్టిన చోటు, నేల నుంచి దాని ఎత్తు, ఉష్ణమాపకం కంపెనీ పేరు, ఐదుగురూ పనిచేసే వీధులు, టిక్కుకూ అడ్డగీతకూ ఖాళీకీ అర్థాలు, మొదలుపెట్టిన తేదీ, ఆ రోజు కార్తె రాయండి. రేపు ఉదయం ఎనిమిదిన్నరకు మేడ ఎక్కి, సీసాలో ఉన్నదేదో అది రెండో పేజీ మొదటి గడిలో రాయండి.